వదిలెయ్

"ఇదేంటండీ, విమానమా? స్కూటరుకి రెక్కలు కట్టారా?"

అనేసి కిరీటి నాలుక కరుచుకున్నాడు. సుందరరావు మాత్రం నవ్వాడు.

"ఎక్కి చూసి చెప్పు బాబూ."

తిరువూరు దాటాక, రెడ్డిగూడెం వైపు, మామిడితోటల మధ్య చదును చేసిన ఎర్రమట్టి రన్‌వే. దాని చివర రేకుల షెడ్డు. షెడ్డు ముందు ఇద్దరే పట్టే బుల్లి విమానం.

సుందరరావు ఎయిర్‌ఫోర్సులో పైలట్‌గా చేసి రిటైరైన మనిషి. ముక్కూమొహం తెలియని కిరీటికి ఆయనే ఫోన్ చేశాడు. "నేనూ నీలాగే పైలట్‌ని. నా విమానంలో ఓసారి తిరుగుదువుగాని, రా" అన్నాడు.

కిరీటి పైలటే. కానీ ఓ ప్రమాదం తర్వాత మళ్లీ విమానం నడిపే స్టిక్కు ముట్టుకోలేదు. లైసెన్సు గడువేమో దగ్గరపడుతోంది. ఇప్పుడు కూడా ధైర్యం చెయ్యకపోతే ఇక ఈ జన్మకి ఎగరడం లేనట్టే. అందుకే గుండె చిక్కబట్టుకుని గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చాడు.

"మా డానీ కోసం కొన్నాను దీన్ని," అన్నాడు సుందరరావు, బెల్టు బిగించుకుంటూ.

"మీ అబ్బాయా అండి? ఎక్కడ చేస్తున్నారు?"

ఆయన అప్పటికే హెడ్‌సెట్ తగిలించుకున్నాడు. వినలేదో, వినిపించుకోలేదో.

"ఒక్క మాట బాబూ. ఈ విమానంలో 'వదిలెయ్' అనకూడదు. స్టిక్కు ఇచ్చేవాడు 'నీ చేతికి' అనాలి. పుచ్చుకునేవాడు 'నా చేతికి' అనాలి. అప్పుడే చెయ్యి తియ్యాలి."

బెల్టు బిగించుకోబోతున్న కిరీటి ఆగిపోయాడు.

హర్షవర్ధన్‌ని మింగింది ఆ మాటే కదా!

ఫ్లైయింగ్ స్కూల్లో కిరీటి నేర్పేవాడు, హర్షవర్ధన్ నేర్చుకునేవాడు. బెజవాడలో చదువుకున్న కుర్రాడు. పరిచయం అప్పటికింకా కొత్తే. ఆరోజు దిగేటప్పుడు స్టిక్కు వాడి చేతిలో ఉంది. నేల దగ్గరపడుతున్నా వాడి కబుర్లు ఆగలేదు.

"అన్నా, మా ఇంట్లో నన్నేమని పిలుస్తారో తెలుసా?"

"వదిలెయ్ రా," అన్నాడు కిరీటి విసుగ్గా.

కబుర్లు వదిలెయ్యమని.

వాడు స్టిక్కు వదిలేశాడు.

విమానం ఎవరి చేతిలోనూ లేదని ఇద్దరికీ తెలిసేసరికి నేల వచ్చేసింది. కిరీటి బతికాడు. విచారణలో జరిగింది జరిగినట్టు చెప్పాడు. వాడి తల్లిదండ్రుల గడప తొక్కే ధైర్యం మాత్రం చాల్లేదు.

ఈ ముసలాయనకి ఆ సంగతెలా తెలుసు? పేపర్లో చదివుంటాడు. చదివి, ఇప్పుడు పనిగట్టుకుని ఎత్తిపొడుస్తున్నాడు!

దిగిపోదామనుకునేలోపే ఇంజను గుర్రుమంది.

మట్టి మీద నాలుగు గంతులేసిందో లేదో, విమానం గాల్లో ఉంది. భుజానికి భుజం తగులుతోంది. మోకాళ్ల పక్కనే అద్దం, అద్దం కింద మామిడితోటలు. గాలి ఏ పక్కనుంచి తోస్తోందో ఒంటికే తెలిసిపోతోంది. పత్తిచేలు, తిరువూరు మేడలు, ఎండలో దూరంగా నెమలి అనే ఊళ్లోని గుడి గోపురం.

అబ్బ! ఇన్నాళ్లూ దీన్నా తను కాదనుకున్నది?

"నీ చేతికి," అన్నాడు సుందరరావు.

"నా... నా చేతికి."

స్టిక్కుని బిగించి పట్టుకున్నాడు. కాసేపటికి పట్టు సర్దుకుంది. తోటల మీద బాగానే తిప్పాడు.

దిగేటప్పుడు వచ్చింది తంటా. ఎర్రమట్టి ఎదురొస్తుంటే కిరీటికి ఆరోజే కళ్లకి కట్టింది. వేళ్లు కొయ్యబారిపోయాయి.

"సార్, తీసుకోండి! మీ చేతికి!"

సుందరరావు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"నేను ముట్టుకోను. నీ చేతిలోనే ఉంది. దించు."

"చస్తామండీ!"

"చస్తే ఇద్దరం చస్తాం. దించు నాయనా."

విమానం దబ్బున తగిలి, ఎగిరిపడి, మళ్లీ వాలి, ఊగుతూ ఆగింది.

కిరీటి బెల్టు పీక్కుని కిందికి దూకాడు.

"మీకు పిచ్చా అండి? చచ్చిపోయినవాణ్ణి అడ్డం పెట్టుకుని నాతో ఆటలా? అలాంటి చావు మీ ఇంట్లో జరిగుంటే తెలిసేది!"

సుందరరావు తల వంచుకున్నాడు.

"బాగా దించావు బాబూ," అన్నాడు. అంతే.

కిరీటి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లి బస్సెక్కాడు.

కోపం చల్లారాక గానీ భయం పోయిందని తెలియలేదు. విమానం నడిపి చూపించే పరీక్ష పాసయ్యాడు. లైసెన్సు నిలబడింది. ఇక ఉండబట్టలేక, సిగ్గుపడుతూ స్వీట్లు కొనుక్కుని మళ్లీ తిరువూరు బయల్దేరాడు.

షెడ్డుకి తాళం. తోటలో పనివాళ్లు ఇల్లు చూపించారు. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ తలుపు తీసింది.

"సుందరరావుగారున్నారా అండి?"

"పోయారు బాబూ. క్రిస్మస్ ముందర. గుండె ఆగిపోయింది. నేను ఆయన భార్యని, హన్నమ్మని. నువ్వెవరు?"

"కిరీటి అండి."

ఆవిడ గుమ్మం దాటి దగ్గరికొచ్చింది.

"నువ్వేనా! 'పిల్లాడు తనే దించేశాడు హన్నమ్మా' అని ఆరోజు ఇంటికొచ్చి ఎంత ఏడ్చారో. విచారణలో అంత నిజం చెప్పినవాడు నేల మీదే ఉండిపోకూడదు అనేవారెప్పుడూ."

కిరీటికి ఏమీ అర్థం కాలేదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు.

"డానీగారు వచ్చారా అండి, నాన్నగారు పోయినప్పుడు?"

హన్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నీకు తెలీదా నాయనా? డానీ అని మా ఇంట్లో పిలిచేవాళ్లం, సర్టిఫికెట్లలో వాడి పేరు హర్షవర్ధన్."