పేరు లేని ప్రార్థన చీటీ

ఐదో చీటీ విప్పగానే డేవిడ్ రాజు తడబడ్డాడు.

అప్పటిదాకా బాగానే చదివాడు. ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి కూతురి పరీక్షలు, ఇంకొకరికి అల్లుడి తాగుడు. ఆదివారం ఆరాధనలో పెట్టె తెరిచి ప్రార్థన చీటీలు చదివి వినిపించడం పన్నెండేళ్లుగా సంఘపెద్ద డేవిడ్ రాజు పని. ఆయన చదువుతుంటే మైకు దండగ. సికింద్రాబాద్ స్టేషన్‌లో బయల్దేరిన రైలు కూడా ఆ గొంతు విని ఆగి, ఆమేన్ అని కదిలిందంటారు. నేను చూడలేదు గానీ, నమ్ముతాను.

ఇది గులాబీరంగు కాగితం ముక్క. ఒక అంచు చేత్తో చింపినట్టుంది. కింద పేరు లేదు.

“‘మా ఇంటి ఓనరు వచ్చే నెల నుంచి అద్దె వాటాకి రెండు వేలు పెంచుతామంటున్నారు. మా వల్ల కాదు. పోవడానికి ఇంకో చోటు లేదు. ఓనరు మనసు మెత్తబడేలా ప్రార్థన చేయండి.’”

చదివి తలెత్తేసరికి మందిరంలో సగం కళ్లు ఆయన మీదే ఉన్నాయి.

ఎందుకుండవు? చిలకలగూడలో మూడు వాటాల ఇల్లు. ముందు వాటాలో డేవిడ్ రాజు ఒక్కడే ఉంటాడు. వెనక వాటాల్లో బడిపంతులమ్మ ప్రేమమణి, క్యాబు నడిపే ఆషర్ ఉంటారు. ఒకటో తారీఖున అద్దె ఆయన చేతికే ఇస్తారు. కుళాయి పాడైతే ఆయనకే చెబుతారు. ‘చూసి చెప్తా’ అని వారం తిప్పి గానీ ప్లంబరును పిలవడు. పేట మొత్తం ఆయన్ని ఓనరుగారనే అంటుంది. వచ్చే నెల నుంచి రెండు వేలు ఎక్కువని మొన్ననే ఇద్దరికీ చెప్పాడు.

చిలకలగూడ అద్దెల సంగతి చెప్పాలా? టూలెట్ బోర్డు కట్టడానికి నిచ్చెన ఎక్కినవాడు కిందికి దిగేలోపు ఇంకో వెయ్యి పెరుగుతుంది. దిగినవాడు మళ్లీ ఎక్కి రేటు దిద్దాలి.

“రాజుగారూ, ఈ విన్నపానికి మీరే ప్రార్థన చేయండి” అన్నారు పాస్టరుగారు. ఆయన మీసం చాటున నవ్వు దాక్కుందో లేదో చెప్పలేం.

డేవిడ్ రాజు మోకరించాడు. “ప్రభువా, ఆ ఓనరు మనసు...” అని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఆషర్ పట్టుకున్నాడు. “ఏంది అంకుల్! ఓనరు మనసు కరగాలని ఓనరే ఏడ్సుడు నా జిందగీల చూడలే.”

“ఊరుకో ఆషర్” అంటూ ప్రేమమణి ముందుకొచ్చింది. “అంకుల్, దేవుడి సాక్షిగా ఆ చీటీ నేను రాయలేదు. అడగాలంటే మొహం మీదే అడుగుతాను.”

“నేను సుత కాదు. నాకు తెలుగు రాసుడే రాదు.”

“తెలుసు” అన్నాడు డేవిడ్ రాజు నేల చూస్తూ.

“ఇప్పుడు మొహం మీదే అడుగుతున్నా. పెంచకండి అంకుల్. నా జీతానికి ఇంకో ఇల్లు కావాలంటే కాప్రా దాటి పోవాలి. రెండు బస్సులు మారి బడికి చేరేసరికి రెండో పీరియడ్ అవుతుంది. ఎన్నాళ్లు ఊరుకుంటారు?”

“నా చేతుల్లో ఏముందమ్మా.”

“మీ చేతుల్లో కాకపోతే ఎవరి చేతుల్లో ఉంది? దేవుడి మీదికి నెట్టకండి!”

డేవిడ్ రాజు మొహం కందిపోయింది. ఏదో చెప్పబోయాడు. మందిరం మెట్ల మీద జనమంతా ఇటే చూస్తున్నారు. పాస్టరుగారు కూడా చెవి ఇటు పెట్టారు.

“సరే. మీ ఇద్దరికీ పాత అద్దే.”

ఆషర్ వేసిన ఈలకి మందిరం కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

తరవాతి ఆదివారం ప్రేమమణి లేచి సాక్ష్యం చెప్పింది. “ఆ చీటీ రాసినవాళ్లెవరో నాకు తెలీదు. వాళ్ల పుణ్యాన దేవుడు మా ఓనరుగారి గుండె మెత్తబరిచాడు.” చప్పట్లు మోగాయి. డేవిడ్ రాజు తల దించుకుని, కాలివేళ్లు పదీ ఉన్నాయో లేవో చూసుకుంటున్నట్టు కూర్చున్నాడు. ఎంత వినయమో అనుకున్నారు జనం.

ఆ వారమే డేవిడ్ రాజు తన స్కూటర్ అమ్మేశాడు.

“ఎందుకంకుల్? కారు కొంటున్నరా?” అన్నాడు ఆషర్.

“నడిస్తే ఒంటికి మంచిదట.”

“ఓనర్లకేం అంకుల్, నడిచినా షోకే!”

బొల్లారంలో ఎవరో పెద్దావిడ ఉందనీ, ప్రతి నెలా రెండో తారీఖున ఆమెను పలకరించి వస్తాడనీ డేవిడ్ రాజుకి సంఘంలో మంచి పేరుంది. ఈ నెలా పొద్దున్నే బయల్దేరాడు. బస్సు దిగి, ఎండలో నడిచి, ఒక పెద్ద గేటు ముందు ఆగాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. జేబులోంచి డబ్బు పొట్లం తీశాడు. ఎప్పటికంటే లావుగా ఉంది. దానికి చుట్టిన కాగితం గులాబీరంగుది. ఒక మూల చేత్తో చింపి ఉంది.

బెల్లు కొట్టడానికి చెయ్యెత్తి, దించి, మళ్లీ ఎత్తాడు.

పనిమనిషి లచ్చమ్మ తలుపు తీసి, ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, లోపలికి కేకేసింది.

“అమ్మా, మన చిలకలగూడ ఇల్లంత కిరాయికి తీసుకున్న డేవిడ్ రాజు వచ్చిండు!”