కెప్టెన్ గారి ముక్కు

“ఈ ముక్కు మా ఆయనది కాదండీ,” అంది కెప్టెన్ భార్య, బొమ్మకేసి వేలు చూపిస్తూ.

చిత్రకారుడి చేతిలో కుంచె ఆగిపోయింది. మూడు నెలలు చెమటోడ్చి వేసిన బొమ్మ. తెల్లారితే నౌకాదళం వారి ఈ హాల్లోనే ఆవిష్కరణ. పైగా ఆ ముక్కేమన్నా సామాన్యమైనదా! కెప్టెన్ ఇంకా గుమ్మం బయట ఉండగానే అది లోపలికొచ్చి కుర్చీలో కూర్చునేదని నావికులు చెప్పుకునేవారు.

“అమ్మగారూ, ఆఫీసువాళ్లిచ్చిన ఫొటో ఇదిగో. కొలిచి మరీ వేశాను.”

“ఫొటోదేముందండీ, ఏ వెలుతుర్లో తీశారో! ముప్పయ్యేళ్లు కాపురం చేసినదాన్ని, నాకు తెలీదా? బాగా తగ్గించండి. గడ్డం కాస్త గుండ్రంగా పెట్టండి. కనుబొమ మీద ఆ గాటు తీసెయ్యండి.”

“గాటు కూడానా? ఫొటోలో అంత స్పష్టంగా...”

“తీసేస్తేనే సంతకం.”

సంతకం లేనిదే పని జరగదు. ఓడతోపాటు మునిగిపోయిన అధికారుల బొమ్మలే ఆ హాల్లో పెడతారు. ‘పోలిక సరిగ్గా ఉంది’ అని ఇంటివాళ్లు బొమ్మ వెనక రాసి సంతకం పెడితేనే గోడెక్కిస్తారు. రేపు పేపర్లలోకి, ఆ తర్వాత చరిత్ర పుస్తకాల్లోకి వెళ్లేదీ ఆ బొమ్మే. ఇప్పటికే గోడ పొడుగునా ముప్పైమంది ఉన్నారు. ఒక్కడి మొహాన నవ్వు లేదు.

చిత్రకారుడు గొంతు తగ్గించాడు.

“మా తమ్ముడు కూడా ఆ ఓడలోనే పోయాడమ్మా. ఇంజను గదిలో పనిచేసేవాడు. అంతమంది మునిగిపోతుంటే కెప్టెన్ గారు వాళ్లని వదిలి రాలేదని విన్నాను. రోజూ ఆ ఫొటోకి దణ్ణం పెట్టుకునే కుంచె పడుతున్నాను. ఆయన మొహం ఉన్నదున్నట్టు నిలబడాలి కదమ్మా!”

ఆవిడ తలదించుకుంది. “మీ తమ్ముడికి పెళ్లయిందా?”

“లేదమ్మా. కుదిరింది.”

ఆవిడ చేతిసంచీ పక్కనున్న స్టూలు మీద పెట్టి, కొంగు సర్దుకుంది. తర్వాత మెల్లిగా అంది, “ముక్కు తగ్గించండి.”

అతను చాకు తీసి రంగు గీకాడు. సొంత చెయ్యి కోసుకుంటున్నట్టే ఉంది. మధ్యాహ్నానికల్లా నౌకాదళం కోటులో ఎవరో వేరే పెద్దమనిషి కూర్చున్నాడు. పెళ్లిళ్లు కుదిర్చేవాడిలా ఉన్నాడు పాపం.

“ఇప్పుడు అచ్చం ఆయనే,” అంటూ సంతకం పెట్టి, కళ్లొత్తుకుని, ఆవిడ హాలు అధికారి గదికి వెళ్లింది. చేతిసంచీ మాత్రం స్టూలు మీదే మర్చిపోయింది.

చిత్రకారుడు సంచీ పట్టుకుని మెట్లు దిగాడు. వాకిట్లో ఆగివున్న ఆవిడ కారు వెనక తలుపు తీసి, సీటు మీద పెట్టబోయాడు.

“పనయిందా? ఇక నన్నెవరూ పోల్చలేరుగా?” అన్నాడు డ్రైవరు, తల తిప్పకుండానే.

చిత్రకారుడు ముందున్న అద్దంలోకి చూశాడు. కనుబొమ మీద గాటుతో సహా, పొద్దున్న తను చాకుతో గీకేసిన మొహం అందులో ఉంది.