అటెండరుకు అర్థం కాని శీర్షిక

"అర్థమైందా?" అని అటెండరును అడిగాడు ప్రొఫెసరు.

"అయింది సార్. రేడియోలో వార్తలొస్తే మన కోళ్లు గుడ్లు పెట్టవని."

దాంతో పరిశోధన పేపరుకు అనుకున్న పదకొండో శీర్షికా గంగలో కలిసింది. అటెండరుకు అర్థమైతే అది పరిశోధనే కాదని ప్రొఫెసరు సిద్ధాంతం. మూడేళ్లుగా ఆ కోళ్లకు మేత వేసిందీ, రేడియో తిప్పిందీ ఈ అటెండరేనని చెప్పలేక పరిశోధకురాలు గోళ్లు కొరుక్కుంటోంది. పేపరు పంపడానికి ఈ సాయంత్రమే గడువు.

చివరికి ప్రొఫెసరే కలం పట్టాడు. "కుక్కుటాండోత్పత్తిపై శ్రవ్య ప్రసార ప్రభావం: ఒక విశ్లేషణ. ఇప్పుడో?"

"అవే కోళ్లు, అవే వార్తలు సార్." అటెండరు తల గోక్కున్నాడు. "కానీ పాటలకు పెట్టే కోడి వార్తలకెందుకు పెట్టదో, అది మాత్రం నాకర్థం కాలేదు."

"అర్థం కాలేదన్నాడు!" ప్రొఫెసరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ ప్రశ్ననే శీర్షికగా రాసి, సంతకం గీకేశాడు.

ఆమె తన నలభై పేజీలూ గబగబా తిరగేసింది. వార్తలున్నాయి, కోళ్లున్నాయి, లేని గుడ్ల లెక్క కూడా ఉంది. ఎందుకన్నది మాత్రం ఎక్కడా లేదు.

అటెండరు మేత బకెట్టు అందుకున్నాడు.

"పదండమ్మా, వార్తల వేళయింది."