బ్రాకెట్లలో వచ్చిన మాటలు

(వెనక వరుసలో ఎవరో గట్టిగా ఆవులించారు. ప్రొఫెసర్‌గారు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలుపెట్టారు.)

దూలం మీద బరువు ఎలా పడుతుందో చెప్పే పాఠం మధ్యలో ఆ వాక్యం చూసి బోరం చిరాకు పడింది.

నాలుగో ఏట జ్వరమొచ్చి ఆమెకు వినికిడి పూర్తిగా పోయింది. ఇప్పుడు దక్షిణ కొరియాలోని దేగు నగరంలో భవన నిర్మాణం చదువుతోంది. ప్రొఫెసర్ చొక్కాకు ఒక మైకు, బోరం బల్ల మీద ఇంకో మైకు ఉంటాయి. ఊళ్లో ఎక్కడో కూర్చున్న టైపిస్టు వింటూనే టైపు చేస్తే, ఆ మాటలు బోరం ముందున్న ట్యాబ్‌లో కనిపిస్తాయి.

ఆ టైపిస్టు ఎవరో బోరంకు తెలియదు. తెర మీద 'టైపిస్టు 4' అని ఉంటుంది, అంతే.

క్లాసు అయ్యాక ఇంకో వాక్యం వచ్చింది.

'ఇవాళ్టికి పాఠం అయిపోయింది. అన్నం తిన్నావా?'

పాఠం ఒక్కటే రాయండి, మిగతావి నాకు అక్కర్లేదు అని బోరం ముక్తసరిగా టైపు చేసింది.

'అలాగే. కానీ పాఠం ఒక్కటే చదివితే పుస్తకం ముందు కూచున్నట్టు ఉంటుంది గానీ, క్లాసులో కూచున్నట్టు ఉండదమ్మాయ్.'

మర్నాడు కూడా బ్రాకెట్లు మానలేదు. ప్రొఫెసర్ సొంతిల్లు కట్టుకుంటే వంటగదికి తలుపు పెట్టడం మరిచిపోయిన కథ అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. క్లాసంతా నవ్వింది. బోరం కూడా నవ్వింది.

అందరితో పాటు, అదే క్షణంలో నవ్వడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఏప్రిల్‌లో ఒకరోజు ఇలా వచ్చింది. (నీ వెనకమ్మాయి నిన్ను రెండుసార్లు పిలిచింది. తిరిగి చూడు.)

తిరిగి చూస్తే, అదే పాఠానికి వచ్చే పైతరగతి అమ్మాయి హేజు, డబ్బాలో మిగిలిన కింబాప్ అన్నపు చుట్టలు పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు నుంచి హేజు ఆమెకు అక్క అయింది.

శరదృతువు వచ్చేసరికి వ్యవహారం మారింది.

అక్షరాలు ఆలస్యంగా రాసాగాయి. మధ్యలో ఖాళీలు. ఒక్కోసారి వాక్యం సగంలో ఆగిపోయేది. కొరియా భాషలో పదిహేను, యాభై వినడానికి తిరగేసిన మాటల్లా ఉంటాయి. ఒకరోజు పదిహేను అనాల్సినచోటల్లా యాభై అని వచ్చింది. బోరం అదే కంఠతా పట్టి పరీక్ష రాసింది. మూడు లెక్కలు పోయాయి.

క్లాసులో వెనకబడితే 'పాపం, వినపడదు కదా' అంటారు. ఆ మాట పడకూడదనే ఆమె ఇన్నేళ్లూ పంతం పట్టి చదివింది.

కోపం ఆపుకోలేక, టైపిస్టులను ఏర్పాటు చేసే సహాయ కేంద్రంలో గ్వాక్ గారికి ఫిర్యాదు రాసి ఇచ్చింది. 'ఈ టైపిస్టుకు పని మీద శ్రద్ధ లేదు. వేరే మనిషిని ఇవ్వండి.'

రెండు రోజుల తర్వాత ప్రొఫెసర్ పిలిపించి, ఆ మూడు లెక్కలూ మళ్లీ చేయించారు. తప్పు తనదేననీ, అమ్మాయిది కాదనీ టైపిస్టు ఉత్తరం రాసిందని చెప్పారు.

అప్పటికే టైపిస్టు మారిపోయింది.

కొత్తతను చాలా చురుకు. ఒక్క తప్పు ఉండదు. పాఠం తప్ప ఒక్క ముక్క ఎక్కువ ఉండదు.

ఒకరోజు చుట్టూ భుజాలన్నీ కదులుతున్నాయి, హేజు కళ్లు తుడుచుకుంటోంది. బోరం తెర వైపు చూసింది. ఖాళీగా ఉంది. చిన్నప్పటిలాగే అందరి మొహాలూ చూసి, కాస్త ఆలస్యంగా నవ్వింది.

ఆ మధ్యాహ్నమే గ్వాక్ గారి దగ్గరికి వెళ్లింది. ఫోన్ మీద టైపు చేసి చూపించింది.

'నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను. తప్పులొచ్చినా ఫరవాలేదు. ఆవిడనే ఇవ్వండి సార్.'

గ్వాక్ గారు ఆ ఫోన్ తీసుకుని టైపు చేశారు.

'ఆవిడ ఉద్యోగమే మానేశారు. ఎందుకో చెప్పొద్దన్నారు.'

కనీసం క్షమించమన్నానని చెప్పండి అని బోరం బతిమాలింది. సరేనన్నారు. ఆమె గుమ్మం దాటుతుంటే, భుజం తట్టి ఆపి ఇంకో మాట అడిగారు. నడివయసులో వినికిడి పోయినవాళ్లకు ఆమె శనివారాలు సైగల భాష నేర్పుతోంది కదా, అందులో ఇంకొకరికి చోటు దొరుకుతుందా అని. దొరుకుతుందంది బోరం.

ఆ తరగతిలో ఆమెను ఎవరూ పేరుతో పిలవరు. బుగ్గ మీద వేలితో సొట్ట పెడితే చాలు, సైగల భాషలో అదే ఆమె పేరు.

ఆ శనివారం ఎనిమిది మంది వచ్చారు. కొత్తగా చేరినావిడకు యాభై దాటి ఉంటాయి. ఆవపిండి రంగు స్వెట్టరు, పొట్టి జుట్టు. తప్పు చేసిన ప్రతిసారీ తనను చూసి తనే నవ్వుకుంటోంది. పక్కనున్న ముసలాయన వేళ్లు వంగకపోతే, తన పాఠం ఆపి ఆయన వేళ్లు సర్దింది. బోరంకు ఆవిడ చూడగానే నచ్చింది.

చివర్లో బోరం అందరినీ ఒక్కొక్కరుగా బోర్డు దగ్గరికి పిలిచింది. ఎప్పటి నుంచి వినపడటం లేదో, అంతకుముందు ఏం చేసేవారో రాయమంది. ముసలాయన లారీ డ్రైవర్నని రాశాడు. ఒకామె చేపల దుకాణమని రాసింది.

స్వెట్టరావిడ అందరికంటే ఆఖరున లేచింది. మార్కరు అందుకుని ఇలా రాసింది.

'రెండేళ్లుగా తగ్గుతూ వచ్చి ఈ అక్టోబరుకు పూర్తిగా పోయింది. వినపడని ఒక అమ్మాయికి భవన నిర్మాణం పాఠాలు టైపు చేసి పెట్టేదాన్ని, ఆ పిల్ల పట్టా పుచ్చుకునేదాకానైనా చెవులు నిలుస్తాయనుకున్నాను.'