పెట్టుమందు

హేమలతకు మొగుడి మీద ఫిర్యాదు ఒక్కటే. ఉదయ్ కుమార్ తేన్చితే కోళ్లఫారం తలుపు తీసినట్టుంటుంది. ఆ పొద్దున అతను తేన్చి, వాకిట్లోకి పరుగెత్తి, ఆమె అప్పుడే వేసిన ముగ్గు మీద చుక్కా గీతా తెలియకుండా కక్కాడు.

"ఏం పెట్టినావే నా కొడుక్కి?" అత్త హనుమంతమ్మ చీపురు విసిరికొట్టింది. "సంగటి రెండు ముద్దలు మింగేటోడు, ఇప్పుడు నిమ్మకాయంత తినలేకుండా ఉండాడు. నీ మాట వినాలని అన్నంలో పెట్టుమందు కలిపినావు!"

మాట వినేవాడైతే ముగ్గు తప్పించి కక్కేవాడు కదా, అనుకుంది హేమలత.

మందు ఉన్నమాట మాత్రం నిజమే. అది ఫ్రిజ్‌లో, ఆమె మల్లెపూల డబ్బా వెనకాల ఉంది. బరువు తగ్గడానికి అనంతపురం డాక్టరు రాసిచ్చిన సూది, వారానికొకటి. కొన్నాళ్లు వికారం ఉంటుంది, కొంచెంకొంచెంగా తినండి అని కూడా ఆయన చెప్పాడు. కానీ ఉదయ్ కుమార్ రోజూ పది కిలోమీటర్లు నడిచే ఇంత సన్నబడ్డానని కొత్తచెరువు బజారంతా చాటుకున్నాడు. సూది సంగతి బయటపెట్టనని పెళ్లాం చేత ఒట్టు వేయించుకున్నాడు.

"గోరంట్ల పక్కన చౌడప్ప మందు కక్కిస్తాడంట. పా! మందు పడిందా, నువ్వు ఆడినుంచి అట్నే మీ అమ్మోళ్లింటికి పో," అంది అత్త.

చౌడప్ప చెంబెడు ఆకుపసరు తాగించాడు. కోడి ఈక గొంతులోకి దించి తిప్పాడు. ఉదయ్ కుమార్‌కు ముక్కులోంచి కూడా పచ్చగా కారింది. చౌడప్ప ఆ మడుగులో వేళ్లతో కెలికి, అవే వేళ్లతో మీసం దువ్వుకుని, వెంట్రుకలు చుట్టిన నల్లటి ముద్ద ఒకటి ఎత్తి చూపాడు. అంత పసరులోంచి వచ్చిన ముద్ద పొడిగా ఉంది.

"చెప్పండి," అంది హేమలత మొగుడితో. "ఇప్పుడన్నా చెప్పండి."

అతను తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"సన్నబడేదానికి సూది వేసుకుంటాండాడు అత్తా!"

"నాకేం సూది?" అని మళ్లీ తేన్చాడు ఉదయ్ కుమార్. "నేను రోజూ నడుస్తాండా."

ఆ మాట కంటే కిందున్న మడుగే నయమనిపించింది హేమలతకు. సంచి చంకన పెట్టుకుని లేచింది.

"చేసిందంతా చేసి యాడికే పోయేది?" అత్త జుట్టు పట్టబోయింది. చౌడప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండమ్మా. ఇది ఇప్పటి మందు కాదు. పెండ్లైన కొత్తలో పెట్టిండేది. వేరు ఇంకా లోపలే ఉండాది. పెట్టినోళ్లు ఈడే నోరు తెరిచి ఒప్పుకోకుంటే మనిషి ఏడాది దాటడు."

చౌడప్ప హేమలత వైపు చూశాడు. సిగ్గులేకుండా మొగుడూ ఆమె వైపే చూశాడు. హనుమంతమ్మ మాత్రం ఆ ముద్దనే చూస్తూ, పసరు మడుగులోనే మోకాళ్ల మీద కూలబడింది.

"తప్పు నాదే చౌడప్పా! వీడు పెండ్లాం కొంగు పట్టుకోకుండా నా మాటే వినాలని, పెండ్లినాటి పాయసంలో నేనే కలిపినా!"