సారంగపాణి గిన్నెలో పెరుగు

వంటింటి తలుపు సందులోంచి భద్రమ్మ చూస్తూనే ఉంది. కోడలు యమున ఒకసారి అటూ ఇటూ చూసి, రెండు రంగుల క్యాప్సూళ్లు విప్పి, లోపలి తెల్లటి పొడిని పెరుగు గిన్నెలో గుమ్మరించింది. చెంచాతో తిప్పింది. ఖాళీ తొడుగుల్ని చెత్తబుట్ట అడుగుకి తోసేసింది.

పొడి ఏ గిన్నెలో పడిందోనని భద్రమ్మ మెడ సాచి చూసింది.

ఆ ఇంట్లో స్టీలు గిన్నెలన్నిటికీ పేర్లు చెక్కించి ఉంటాయి. పొడి పడింది ‘సారంగపాణి’ గిన్నెలో. పక్కనే ఉన్న ‘భద్రమ్మ’ గిన్నె జోలికి కోడలు పోలేదు. అంటే గురి తన మొగుడి మీదే!

అంతలో యమున ఫోన్ అందుకుంది. అవతల ఆమె తమ్ముడు మధు. హనుమకొండలో మందుల షాపు నడుపుతాడు. భద్రమ్మ తలుపు సందుకు చెవి ఆనించింది.

“రెండూ కలిపిన తమ్మీ. ఒకటి చిన్న పేగుల, ఇంకోటి పెద్ద పేగుల పని చేస్తదని డాక్టర్ చెప్పిండంటివి గదా. మంచి చేసే సూక్ష్మజీవులంటే మామ పురుగులంటడు, మింగడు. అందుకే పెరుగుల కలిపిన. ఏంది, అత్తమ్మకా? ఆమెకెందుకురా, ఆమెది రాళ్లు తిన్నా అరిగే కడుపు.”

విషం కాదు, మందు. భద్రమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ చివరి మాట ముల్లులా గుచ్చుకుంది.

ఎందుకంటే రాళ్లను అరిగించే ఆ కడుపు కొంతకాలంగా మెత్తటి అన్నాన్ని కూడా అరిగించుకోవడం లేదు. ఒకటే ఉబ్బరం, మంట. ఎనుమాముల మార్కెట్ నుంచి ఏరి తెప్పించిన పండుమిర్చితో తాను నూరిన తొక్కు జాడీలోంచి పిలుస్తుంటే, వేలు పెట్టే ధైర్యం లేదు. బయటికి చెబితే ముందు దవాఖాన, తర్వాత చప్పిడి కూడు, ఆ తర్వాత వంటింటి పెత్తనం కోడలి చేతిలోకి. ప్రాణం పోయినా సరే, అది మాత్రం జరగకూడదు.

అందుకే చాటుగా వాము నమిలేది. డబ్బా ఇంత తొందరగా ఎలా ఖాళీ అవుతోందని యమున అడిగిన రోజు, భద్రమ్మ తడుముకోకుండా మొగుణ్ణి చూపించింది.

“మీ మామనే. కడుపు నొస్తాందని బుక్కుతాండు.”

సారంగపాణి పేపరు కిందికి దించి భార్యను ఒకసారి చూశాడు. మళ్లీ పేపర్లో తల దూర్చాడు. విచిత్రమేమిటంటే, మర్నాటి నుంచి ఆయన నిజంగానే పొట్ట పట్టుకుని మూలగడం మొదలుపెట్టాడు. తన నోటికి అంత మహిమ ఉందని భద్రమ్మకు అప్పటిదాకా తెలియదు.

ఫోన్ పెట్టేశాక యమునకు ఆరేసిన బట్టలు గుర్తొచ్చాయి. పెరట్లోకి వెళ్లింది. భద్రమ్మ మెరుపులా వంటింట్లో దూరి, ఆ గిన్నెలో పెరుగు ఈ గిన్నెలోకి, ఈ గిన్నెలోది ఆ గిన్నెలోకి మార్చేసింది.

‘మొగోడు మూలిగితే ఇల్లంత ఉరుకుతది. నేను మూలిగితే ఎవరు చూస్తరు?’ అని మనసుకు సర్దిచెప్పుకుంది.

అది రోజూ నడిచింది. పొడి కలపగానే యమునకు బట్టలు గుర్తొచ్చేవి. వెళ్తే ఓ పట్టాన వచ్చేది కాదు. కోడలి మతిమరుపు ఇంతగా పనికొస్తుందని భద్రమ్మ ఎన్నడూ అనుకోలేదు.

మెల్లగా ఉబ్బరం దిగింది. మంట చల్లారింది. వాము డబ్బా నిండుగా ఉండిపోయింది. సారంగపాణి మూలుగు మాత్రం తగ్గలేదు. పాపభీతితో భద్రమ్మ ఆయనకు అడక్కుండానే కాళ్లు పట్టింది, వేడివేడి చాయ్ మంచం దగ్గరికే తెచ్చిచ్చింది. ఆయన కళ్లు మూసుకుని ఇంకాస్త గట్టిగా మూలిగాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భద్రమ్మ తెగించింది. జాడీ తెచ్చి ముందు పెట్టుకుని, వేడి అన్నంలో ఎర్రటి తొక్కు కలిపి అందరి ముందే తిన్నది. కడుపు కిక్కురుమనలేదు. మళ్లీ కలిపింది.

“కారం ఎక్కువైతాందేమో అత్తమ్మా, జర పైలం,” అంది యమున.

“నాదేమన్న మీ మామ కడుపా?” అని ఠీవిగా లేచి, నెయ్యి కోసం వంటింట్లోకి వెళ్లింది భద్రమ్మ.

ఆమె అటు వెళ్లగానే సారంగపాణి కోడలి వైపు వంగి, గుసగుసగా అడిగాడు.

“ఇగ మూల్గుడు బంద్ పెట్టొచ్చా, బిడ్డా?”