మామిడితోటలో విదేశీ విద్య

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది కూడా అక్కడే పడింది.

"విదేశాల్లో చదువుకుంటే మొట్టమొదటి లాభం," అన్నాడు చిట్టిబాబు, రబ్బరు గొట్టాన్ని మళ్ళీ చేతికి చుట్టుకుంటూ, "మనిషికి సొంత కాళ్ళ మీద బతకటం అలవాటవుతుంది."

మైలవరం దాటాక రోడ్డుకు దూరంగా ఉన్న మామిడితోట అది. కాయ దిగిపోయింది కనుక కాపలావాళ్ళు లేరు. మోటారు షెడ్డులోని ఇనుప స్తంభానికి శివనాగరాజును కట్టేసి, చిట్టిబాబు మోటారు వేసి ఉంచాడు. ఆ హోరు దాటి కేక బయటికి పోదు. పట్టపగలు ఇలాంటి పని చేయవలసి వచ్చినప్పుడు అతడు పాటించే పద్ధతి అది.

శివనాగరాజు నాగాయలంకలో చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, విజయవాడలో ఇంజనీరింగు పూర్తి చేసినవాడు. జర్మనీలో ఒక విశ్వవిద్యాలయం అతనికి సీటిచ్చింది. వీసా కూడా వచ్చింది. రేపు గన్నవరంలో విమానం ఎక్కాలి. ఎక్కనంటున్నాడు. చల్లపల్లి రామకోటేశ్వరరావుగారి అమ్మాయి రుచితను వచ్చే వారం రిజిస్టరు పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. రామకోటేశ్వరరావుగారివి పొలాలు, రైసుమిల్లులు. కులం వేరు. ఆ ప్రాంతంలో ఈ సంగతిని ఇంతకంటే విడమరిచి చెప్పవలసిన అవసరం ఎవరికీ ఉండదు.

"నిన్ను ఎవరు పంపారో నాకు తెలుసు," అన్నాడు శివనాగరాజు. స్తంభానికి గుద్దుకుని పెదవి చిట్లి, నెత్తురు చొక్కా మీదికి కారుతోంది.

"మంచిదేగా. నాకు సగం పని తగ్గింది."

"అయితే వెళ్ళి చెప్పు. నేను ఎక్కడికీ వెళ్ళను."

గొట్టం ఈసారి పిక్కల మీద పడింది. మోకాళ్ళు వంగిపోయాయి. తాడు ఆపింది కనుక నేల మీద పడలేదు.

"రెండో లాభం. చదువుకుంటూనే పని చేసుకోవచ్చంట. లైబ్రరీలు తెల్లవార్లూ తెరిచే ఉంటాయంట."

ఇవన్నీ చిట్టిబాబు సొంత తెలివితేటలు కావు. మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో, తల్లిదండ్రుల కోసం వేసిన కుర్చీల్లో వెనక వరుసలో కూర్చుని, టై కట్టుకున్న కుర్రవాడు తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పిన ప్రతి మాటా శ్రద్ధగా విన్నాడు. అతనికి పిల్లలు లేరు. కానీ విషయం తెలుసుకోకుండా ఏ పనికీ దిగడు.

"మూడోది, రకరకాల దేశాలవాళ్ళతో పరిచయాలు. ఇక్కడేముందిరా? కులం అడక్కుండా నీకెవడైనా గది అద్దెకిచ్చాడా?"

శివనాగరాజు నెత్తురు ఉమ్మి నవ్వాడు. "వాళ్ళ తరఫున కొట్టడానికొచ్చి నా బాధే చెబుతావేంటన్నా?"

"నాకూ ఇవ్వలేదులే."

చిట్టిబాబు అతని కళ్ళజోడు జాగ్రత్తగా తీసి కిటికీలో పెట్టాడు. తరువాత ముఖం మీద గుద్దాడు. ఒకసారి కాదు. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయేదాకా గుద్దాడు. "వెళతావా?" అన్నాడు. తల అడ్డంగా ఊగింది.

"చదువుకునేవాడివి. కుడిచేతి జోలికి రాను," అంటూ ఎడమచేతి చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచేశాడు.

ఎముక చప్పుడు మోటారు హోరులో కలిసిపోయింది. కేక మాత్రం షెడ్డులో మోగింది. శివనాగరాజు వాంతి చేసుకుని తల వాల్చేశాడు. ముఖాన నీళ్ళు కొట్టాక కళ్ళు తెరిచి అదే మాట అన్నాడు.

"వెళ్ళను."

చిట్టిబాబుకు మొదటిసారి భయం వేసింది. ఇంకా కొడితే వీడు చచ్చిపోతాడు. ఆపితే విమానం ఎక్కడు. గొట్టం అవతల పారేసి, అతనికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆ రుచిత పెదనాన్న కూతురు ఒకణ్ణి ఇష్టపడింది. ఎరుగుదువా?"

"ఎరుగుదును."

"వాడెక్కడ తేలాడు?"

"బందరు కాలువలో."

"మరి ఆ అమ్మాయి?"

శివనాగరాజు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"కడుపునొప్పి భరించలేక పురుగుమందు తాగిందన్నారు. పోలీసులొచ్చేలోగా తగలబెట్టేశారు కూడా. నువ్విక్కడ ఉన్నంతకాలం రుచిత ఇంట్లోనూ ఆ మందు డబ్బా ఉంటుందిరా. నీకు చావంటే లెక్కలేదు, సరే. ఆ పిల్ల సంగతేంటి? నువ్వు సముద్రం దాటిపోతే దాన్ని బతకనిస్తారు."

అన్ని దెబ్బలకూ ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు. చిట్టిబాబు తొందరపెట్టలేదు.

"వెళతాను," అన్నాడు చివరికి.

"రేపేనా?"

"రేపే."

"ఆ పిల్లకి ఫోన్ చెయ్యవుగా? ఒట్టెయ్యి."

"ఒట్ల మీద నాకు నమ్మకం లేదన్నా. వెళతానన్నాను. వెళతాను."

చిట్టిబాబు కట్లు కోశాడు. చిన్న మామిడిపుల్ల ఆనించి, తన తువ్వాలు చింపి, విరిగిన వేలికి కట్టు కట్టాడు. కళ్ళజోడు తుడిచి అతని ముఖానికి పెట్టాడు. గోడకు చేరేసి కూర్చోబెట్టి మంచినీళ్ళ సీసా చేతికిచ్చాడు. మోటారు కట్టేసి బయటికి వచ్చి, చెట్ల నీడలో బాగా దూరం నడిచాక ఫోన్ తీశాడు.

"ఒప్పుకున్నాడండీ. రేపు ఎక్కుతాడు."

అవతల ఏడుపు ఆపుకుంటూ పోలేరమ్మ అడిగింది: "గట్టిగానే కొట్టావుగా తమ్ముడూ, మెత్తగా కొడితే ఆ రామకోటేశ్వరరావే పంపించాడంటే నమ్మడు నా కొడుకు."